సకినాలు పగిలితే ముందుగాల పిండిని అడగాలె

మొన్న ఆదివారం పొద్దుగాల పుణె నుంచి మా చెల్లె వీడియో కాల్ చేసింది. ఫోన్ కిందికి తిప్పి డైనింగ్ టేబుల్ మీద పరిచిన బట్ట చూపిచ్చింది. దాని మీద ఓ పదో పన్నెండో సకినాలు, ఒక్కటి గూడ నిండుగ లేదు, చుట్టు తిరిగే కాడల్లా ఇరిగిపోయి ఉన్నయ్. "అక్కా, నువ్వులు వేసిన, ఓమ వేసిన, నీళ్ళు గూడ నువ్వు చెప్పినట్టే కొంచెం కొంచెం పోసుకుంట కలిపిన, అయినా ఎందుకు పగులుతున్నయ్" అన్నది, గొంతు సగం ఏడుపే. నేను అడిగింది ఒక్కటే, పిండి ఎక్కడిది అని. ప్యాకెట్ పిండి అట, సూపర్ మార్కెట్ల తెచ్చిందట.

ఇగ అక్కడనే తెలిసిపోయింది. ఆమె చేతిల ఏం తప్పు లేదు, చుట్టుడు మా అమ్మ నేర్పిందే ఇద్దరికీ. కాని ఎంత చెయ్యి తిరిగినోళ్ళయినా పొడి పిండితోని సకినం చుట్టలేరు, చుట్టినా అది నూనెల వడేదాక నిలవడదు. సకినం అయ్యేది కాకపోయేది కడాయి కాడ కాదు, ముందురోజు రాత్రి బియ్యం నానవోసినప్పుడే. ఈ ముచ్చట ఫోన్ల చెప్తే గంటన్నర అయ్యింది, ఆమె రాసుకున్నది, ఇంకెవరికైనా పనికొస్తదేమో అని ఇక్కడ గూడ రాస్తున్న.

మాది హన్మకొండ. సంక్రాంతి పదిరోజులు ఉన్నదనంగనే మా దిక్కు పిండి గిర్నిల ముంగట స్టీల్ గిన్నెలు, టబ్బులు లైన్ల ఉంటయ్, మనుషులు పక్కన చెట్టుకింద కూసుంటరు, గిన్నెలే లైన్ల నిలవడతయ్. అందరియి నానిన బియ్యమే. చిన్నప్పుడు ఆ లైన్ల గిన్నె పక్కన కాపలా నిలవడే డ్యూటీ నాదే, మన వంతు వచ్చేటాళ్ళకు తెల్లగ పిండి లేసి వెంట్రుకల మీద పడేది, వెచ్చగ ఒక వాసన వచ్చేది తడి పిండిది, అది ఎట్ల చెప్పాల్నో తెల్వదు గని ఇప్పుడు గిర్నిలకు పోతె ఆ వాసనకే పండుగ మొదలైనట్టు అనిపిస్తది నాకు.

సరే, బియ్యం. సన్నబియ్యం కన్న దొడ్డు బియ్యమే మంచిగుంటయ్ సకినాలకు, మా అమ్మ మొదటినుంచి రేషన్ బియ్యంతోనే చేసేది. 2025 ఉగాది నుంచి రేషన్ల సన్నబియ్యం ఇస్తున్నరు కాబట్టి (అన్నానికి అది మస్తు మంచిగైంది, అందుల మాట లేదు) పిండివంటలకు దొడ్డు బియ్యం ఇప్పుడు సపరేట్‌గ కొనుక్కోవాల్సి వస్తుంది. ఊర్ల వానకాలం పంట కోతలు అయి కొత్తబియ్యం వచ్చేది గూడ సంక్రాంతికి ముందే, అందుకే ఈ పండుగకే సకినాలు వచ్చినయేమో అనుకుంట నేను.

కిలో బియ్యం తీసుకుంటే రెండు మూడు సార్లు మంచిగ కడిగి రాత్రి నానవొయ్యాలె, టైం లేకపోతె కనీసం ఐదారు గంటలు. నానిన బియ్యం తూకం వేస్తే కిలో పావు, కిలో మూడొందల గ్రాముల దాక వస్తది, అంటే ఆ నీళ్ళు గింజ లోపలికే పోయినయన్నట్టు. పొడి పిండికీ తడి పిండికీ తేడా ఇక్కడనే ఉంది. నానిన గింజ మెత్తగ అయి సులువుగ, సన్నగ నలుగుతది. ఎండు గింజను గిర్నిల వేస్తే రాపిడికి పిండి వేడెక్కుతది, లోపలి గంజి కణాలు గూడ చితికిపోతయ్. అట్ల చితికిన పిండి నీళ్ళు ఎక్కువ తాగుతది. ఎంత పోసినా ఇంకా గట్టిగనే అనిపిస్తది, కొంచెం ఎక్కువైతే చేతికి అతుక్కుంటది, రెండిటికీ నడుమ ఉండదు. మా చెల్లె పిండికి అయ్యింది అదే.

పొద్దున్నే నీళ్ళన్ని వంపి జల్లిగిన్నెల వేసి అర్ధగంట ఒడవెయ్యాలె. నీళ్ళు కారుడు బంద్ కావాలె గాని బియ్యం ఆరొద్దు. చేతిల పిడికెడు పట్టుకొని వదిలితే చేతికి నాలుగు గింజలు అంటుకోవాలె, చెయ్యి తడి కావాలె, గంతే. ఇంకా ఎండవెడితే మళ్ళ మొదటికే వస్తది. గిర్నికి పోతే తడి బియ్యం పట్టే మెషిన్ వేరే ఉన్నదా అని అడగండి, ఉత్తగ పోసి రాకండి. రెండేండ్ల కింద ఒక గిర్నిల నా కంటే ముందు ఎవరియో జొన్నలు పట్టిన మెషిన్‌లనే నా బియ్యం పోసిండు, పిండి మొత్తం బూడిద రంగు, నాలుగు కిలోలది. పండుగ పూట అడిగే టైం ఎవరికుంటది, నేను గూడ చూసుకోలేదు, ఇంటికొచ్చి మూత తీసినంక చూసి మా అత్తమ్మ ఏం మాట్లాడకుంట మళ్ళ బియ్యం నానవోసింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అది నాకు ఇప్పటికీ యాదికుంటది.

చెల్లెకు గిర్ని లేదు కద, మిక్సీల చెయ్యమన్న. ఒక్కసారి ఒక గ్లాసెడే వెయ్యాలె, చుక్క నీళ్ళు పోయొద్దు, ఆపుకుంట ఆపుకుంట తిప్పాలె లేకుంటే జార్ వేడెక్కుతది. సన్న జల్లెడల జల్లి మిగిలిన రవ్వను మళ్ళ వెయ్యాలె. ఈ జల్లుడు దగ్గర బద్ధకిస్తే నూనెల పడ్డంక సకినం పటుక్కున పేలుతది, రవ్వ పలుకు ఉన్న కాడ. జల్లిన పిండిని చేత్తోని అదిమి పెట్టి పైన తడిబట్ట కప్పాలె, ఆరనియ్యొద్దు. ఇంకోటి, ఆ పిండి ఆ రోజుకే. తెల్లారి చేద్దాంలే అని పెడితే పులుస్తది, పులిసిన పిండి సకినం గోలిచ్చినంక ఎర్రగ అయితది, రుచి గూడ పోతది. ఫ్రిజ్‌ల పెట్టుకుంటం అంటరు కొందరు, నేనైతే పెట్టను.

కిలో బియ్యం పిండికి రెండొందల గ్రాముల నువ్వులు కడిగి ఒడగట్టినయ్, ఓమ రెండు చెంచాలు చేతిల నలిపి, ఉప్పు. ఉప్పు పిండిల చప్పగనే ఉండాలె, గోలిచ్చినంక సరిపోతది. కొంతమంది కొత్తిమీర గూడ వేస్తరు, మా ఇంట్ల వెయ్యరు. నీళ్ళు పోసి కలుపుడు ఒక్కటే చూసి నేర్చుకోవాలె. చపాతి పిండికన్న మెత్తగ, గారెల పిండి కన్న గట్టిగ. పిండి మొత్తం ఒక్కసారి కలపొద్దు, రెండు దోసిళ్ళ పిండి తీసుకొని కలుపుకొని అది అయినంక మళ్ళ. మా అమ్మ మొదలు కొంచెం పిండితోని గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, బట్ట మూలకు కూసోవెడుతది, ఆ తర్వాతనే మొదటి సకినం.

అమ్మ చెయ్యి చూడాలె మీరు. పాత తెల్ల ధోతి పరుస్తది, పాత బట్ట అయితే నీళ్ళు మంచిగ పీలుస్తది, కొత్తది పీల్చదు. నిమ్మకాయంత పిండి అరచేతిల పెట్టుకొని బొటనవేలు, చూపుడువేలు నడుమ నుంచి నొక్కుకుంట వదులుతది, వదులుకుంటనే మెల్లగ పురి తిప్పుతది, ఆ రెండు వేళ్ళు తప్ప ఇంకేం కదలవు. తాడు పేనినట్టు సన్నగ గీతలు పడుకుంట పిండి కిందికి దిగుతది, చెయ్యి గుండ్రంగ తిరుగుతది, మొదటి చుట్టు పైస బిళ్ళంత, దాని బయట రెండోది, మూడోది, నాలుగోది. చుట్టుకూ చుట్టుకూ నడుమ సందు ఉండొద్దు, ఒకదాన్ని ఒకటి ఆనుకోవాలె, కాని ఎక్కొద్దు. ఆమె మాట్లాడుకుంటనే చేస్తది, వాకిలి దిక్కు చూసుకుంట గూడ చేస్తది. నాకు ఇరవై ఏండ్లయింది నేర్చుకోవట్టి, ఇప్పటికీ నా నాలుగో చుట్టు కాడ చెయ్యి ఆగుతది.

చుట్టినంక అర్ధగంట నుంచి గంట ఆరాలె బట్ట మీద. వేలుతోని ముట్టుకుంటే అంటొద్దు, లేపితే ఇరగొద్దు. ఫ్యాన్ వెయ్యకండి. ఫ్యాన్ గాలికి పైపైన గట్టిగ అయి లోపల తడి అట్లనే ఉంటది, నూనెల వడంగనే ఆ తడి ఆవిరై దారి దొరకక టప్పున పేలుతది, మొఖం మీదికి వస్తది. చెల్లెకు ఇది గట్టిగ చెప్పిన, చిన్న పిల్లలున్న ఇల్లు. బట్టను కొంచెం ఎత్తి చదును పళ్ళెం మీదికి బోర్లిచ్చుకొని, పళ్ళెం నుంచి నూనెలకు జారవిడువాలె, చేత్తోని తియ్యొద్దు. పల్లినూనె మంచిగ కాగాలె, చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలె, అప్పుడు వేసి మంట మీడియంకు దించాలె. వేసిన నిమిషం దాక ముట్టొద్దు. మొదలు నూనె నిండ బుడగలు, చప్పుడు, తర్వాత బుడగలు తగ్గుకుంట వస్తయ్. బుడగలంటే లోపలి నీళ్ళు బయటికి పోవుడే కద, అవి దాదాపు బందైనప్పుడు దేవాలె. రంగు చూసి దేవితే పోయినట్టే, సకినం తెల్లగనే ఉండాలె, ఎర్రగ అయ్యిందంటే మాడుడు మొదలైనట్టు. చల్లారినంక స్టీల్ డబ్బల పెడితే పదిహేను ఇరవై రోజులు కరకరలాడుతయ్.

పోయినేడు పని ఎక్కువైందని ఒక దుకాణంల కిలో కొన్న. చూస్తందుకు మంచిగనే ఉన్నయ్, ఇంటికొచ్చి నోట్లె పెట్టుకుంటే పాత నూనె వాసన. ఎన్ని వాయిలు అదే నూనెల తీసిండ్రో. పిల్లలు ఒక్కటి కొరికి పక్కన పెట్టిండ్రు. మన దిక్కు బిడ్డ పెండ్లయిన మొదటి సంక్రాంతికి తల్లిగారింటి నుంచి గంపలల్ల సకినాలు, గరిజలు పంపుతరు, వియ్యపురాలు వాడంత పంచుతది, ఇప్పుడు అవి గూడ ఆర్డర్ ఇచ్చి పంపుతున్నరు. ఎవరి ఓపిక వాళ్ళది, కాని నాకైతే మనసుకు కష్టమైతది. నా మొదటి పండుగకు మా అమ్మ పంపిన సకినాల కోసం మా వాడల ఐదుగురు ఆడోళ్ళు రెండు దినాలు మా ఇంట్లనే కూసున్నరు, పైస తీసుకోలేదు ఎవరు గూడ. తర్వాత వాళ్ళిండ్లల్లకు అమ్మ పోయింది.

అన్నట్టు చెల్లె మధ్యల ఇంకోటి అడిగింది, మరి ఈ ప్యాకెట్ పిండి పారెయ్యాల్నా అని. పారేసుడు ఎందుకు, సర్వపిండి ఉన్నది కద. సర్వపిండి పొడి పిండినయినా ఆదుకుంటది, వేడినీళ్ళతోని కలిపితే సరి. తడిపిండితోని చేస్తే దాని రుచే వేరు గాని, ఇట్ల గూడ తినొచ్చు. కరీంనగర్ దిక్కు గిన్నెప్ప అంటరు, ఇంకొన్ని ఊర్లల్ల తపాల చెక్క అంటరు, అన్నీ ఒక్కటే.

ఆమె పిండిల నువ్వులు, ఓమ ముందే ఉన్నయ్. శనిగపప్పు గంట నానవెట్టి వెయ్యమన్న, నానకుంటే పండ్లకింద రాయి లెక్క తగులుతది. పల్లీలు వేంచి కచ్చపచ్చగ దంచి, ఉల్లాకు సన్నగ కోసి, కల్యామాకు, కొంచెం ఎల్లిగడ్డ, కారం. కారం ముచ్చటల ఒక మాట చెప్పాలె. మా దిక్కు చపాట మిర్చి ఉంటది, బొద్దుగ టమాట లెక్క ఉంటది, 2025ల దానికి జీఐ ట్యాగ్ గూడ వచ్చింది. రంగు ఎర్రగ నిండుగ, ఘాటు తక్కువ. సర్వపిండికి ఆ కారం వేస్తే పిల్లలు గూడ తింటరు. నేను ప్రతి ఎండకాలం ఆ మిర్చి ఎండవెట్టి పట్టిచ్చి చెల్లెకు రెండు కిలోలు పంపుత, అది వేసుకోమన్న.

ఆమె దగ్గర సర్వ లేదు, లోతు ఉన్న అల్యూమినియం గిన్నె ఉన్నది. లోపల నూనె రాసి, పిండి ముద్ద పెట్టి అడుగు నుంచి అంచుల మీదికి వేళ్ళతోని పలుచగ ఒత్తి, చూపుడువేలుతోని ఐదారు కాడ బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కల నాలుగు చుక్కల నూనె. మూత పెట్టి సన్న మంట. పది నిమిషాలకు గిన్నెను కొంచెం వంచి పక్కలకు గూడ మంట తగిలేటట్టు తిప్పుకుంట ఉండాలె. తిరిగెయ్యొద్దు, ఒక్క దిక్కే కాలాలె, కింద ఎర్రగ కరకర, పైన మెత్తగ. మూత తీయకుంటనే వాసన చెప్తది, పల్లీలు, ఉల్లాకు కలిసి మాడీమాడనట్టు ఒక వాసన వస్తది, అప్పుడు బంద్ చెయ్యాలె.

ఫోన్ స్టవ్ పక్కన ఆనిచ్చి పెట్టి చేసింది. అంచులు లేసి చిన్నగ చప్పుడు వస్తుంటే గిన్నె బోర్లిచ్చింది, మొత్తం ఒక్కటే ముక్కగ ఊడివచ్చింది, కింద ఎరుపు, అక్కడక్కడ నల్ల మచ్చలు. పెరుగు తెచ్చుకో అన్న, వెన్న ఉన్నదట, అది పెట్టుకున్నది. పిల్లగాడు వెనుక నుంచి వచ్చి సగం ఎత్తుకపోయిండు.

"అక్కా రెండోది వెంటనే ఒత్తితే చెయ్యి కాలుతుంది" అన్నది. గిన్నె బోర్లిచ్చి నల్లా కింద పెట్టు, అడుగు మీద నీళ్ళు పడనియ్యి అన్న. సుయ్యిమని పొగ లేసింది ఫోన్ల, ఆమె మొఖం కనవడలేదు కాసేపు, నవ్వు మాత్రం ఇనవడ్డది. వచ్చే శనివారం రాత్రి బియ్యం నానవోస్త అన్నది. దొడ్డు బియ్యం ఆమెకు అక్కడ ఏ పేరుతోని దొరుకుతయో నేను ఇయ్యాల కనుక్కోవాలె.