షో అయిపోయాక బండి ఎవరు నడుపుతారు?

రాక్ బ్యాండ్‌లో ఉండేదాన్ని అని తెలియగానే అందరూ స్టేజ్ గురించే అడుగుతారు. జనం ఎంతమంది వచ్చేవాళ్ళు, ఏ పాటకి బాగా ఊగేవాళ్ళు, భయం వేసేదా, ఇలాంటివే. పదకొండేళ్ళు బేస్ గిటార్ వాయించాను నేను, అందులో చాలా ఏళ్ళు ఏడాదికి మూడు నాలుగు నెలలు వ్యాన్‌లోనే గడిచిపోయాయి, ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా అడగనిది ఏంటంటే షో అయిపోయాక రాత్రిపూట ఆ బండి ఎవరు నడిపేవాళ్ళు అని. టూర్ గురించి నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైంది అదే, అందుకే ఈరోజు రాస్తున్నా, మధ్యలో వేరే సంగతులు కూడా వస్తాయి, ఏమనుకోకండి.

ముందు ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పాలి. పొద్దున ఏడున్నరకి లేస్తాం, ఎనిమిదిన్నరకల్లా బండి కదలాలి, ఐదారు గంటల ప్రయాణం, మధ్యాహ్నం మూడింటికి లోడ్ ఇన్. అంటే సామాన్లు దించడం. నా బేస్ క్యాబినెట్ ఒక్కటే 60 కిలోల పైన ఉండేది, పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉంటాయి అందులో, హాల్ మేడ మీదుండి లిఫ్ట్ లేకపోతే నలుగురం పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కించాల్సిందే. పైకి చేరాక గిటార్లు కేసుల్లోంచి వెంటనే తీయకూడదు, చల్లటి బండిలోంచి వేడి హాల్లోకి రాగానే తీగలు సాగి శ్రుతి దిగిపోతుంది, చెక్క కూడా ఆ గాలికి అలవాటు పడాలి, కాసేపు కేసుల్లో అలాగే ఉంచి తర్వాత ట్యూన్ చేస్తే షో అంతా నిలబడుతుంది.

సౌండ్‌చెక్, అంటే షోకి ముందు వాయించి సౌండ్ సరిచూసుకోవడం, మామూలుగా వెనక నుంచి ముందుకి జరుగుతుంది. అంటే చివర్లో వాయించే పెద్ద బ్యాండ్ ముందు చెక్ చేసుకుంటుంది, మొదట వాయించేవాళ్ళు ఆఖర్న చేస్తారు, అప్పుడు వాళ్ళ సామాను స్టేజ్ మీద అలాగే ఉంచి షో మొదలుపెట్టేయొచ్చు. మొదటి నాలుగేళ్ళు ఆ మొదట వాయించేవాళ్ళం మేమే, మూడింటికి వచ్చి ఆరున్నర దాకా గోడకి ఆనుకుని కూర్చుని, చివరికి పది నిమిషాలు మిగిలితే లైన్ చెక్, అంటే ఒక్కో దాంట్లోంచి సౌండ్ వస్తోందో లేదో మాత్రం చూసుకునేవాళ్ళం. అంత చేసినా ఖాళీ హాల్లో కుదిరిన సౌండ్ జనం నిండాక ఉండదు, మనుషుల ఒళ్ళు, బట్టలు పైస్థాయి శబ్దాన్ని పీల్చేస్తాయి కాబట్టి మొదటి పాటలో ఇంజనీర్ మళ్ళీ సర్దుకోవాల్సిందే. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ తన పాతికేళ్ళ గురించి ఒకసారి చెప్పాడు, అందులో పని ఐదేళ్ళే, మిగతా ఇరవై ఏళ్ళూ ఊరికే అటూ ఇటూ తిరుగుతూ కాలం గడపడమే అని. మాకైతే ఆ లెక్క అక్షరాలా సరిపోయింది.

సరే, షో పదకొండుకి అయిపోతుంది. తర్వాత లోడ్ అవుట్, అంటే సామాన్లు మళ్ళీ బండికి ఎక్కించడం, చెమటతో తడిసిన చేతులతో కేబుళ్ళు చుట్టాలి. కేబుల్ మోచేతికి గిరగిరా చుట్టకూడదు, లోపల రాగి తీగ మెలిపడి కొన్నాళ్ళకి తెగిపోతుంది, ఒక చుట్టు పైనుంచి, ఇంకో చుట్టు కిందనుంచి వేసుకుంటూ పోవాలి. ఈ ఒక్క పని ఎవరు ఎంత ఓపిగ్గా చేస్తారో చూస్తే ఆ మనిషితో నెల రోజులు బండిలో ఉండగలమో లేదో తెలిసిపోతుంది అని నా గట్టి నమ్మకం. అన్నీ సర్దేసరికి పన్నెండున్నర.

ఇప్పుడు లెక్కేయండి. ఏడున్నరకి లేచాం, అర్ధరాత్రి పన్నెండున్నర అయింది, అంటే 17 గంటలు మెలకువగా ఉన్నట్టు. 1997లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని, 24 గంటలైతే 0.10 శాతం ఉన్నట్టేనని. మా బ్యాండ్‌లో తాగి బండి ముట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు, ఆ విషయంలో చాలా స్ట్రిక్ట్‌గా ఉండేవాళ్ళం, కానీ ప్రతి రాత్రీ సరిగ్గా ఆ స్థితిలోనే స్టీరింగ్ ముందు కూర్చునేవాళ్ళం. పైగా షో అయిన వెంటనే నిద్ర రాదు, గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది, చెవుల్లో డ్రమ్స్ మోగుతూనే ఉంటాయి, నాకేం పర్లేదు నేను నడుపుతా అని నిజంగానే అనిపిస్తుంది. ఆ హుషారు గంటన్నర, రెండు గంటలు ఉంటుంది అంతే. తర్వాత ఒక్కసారిగా దిగిపోతుంది, అప్పటికి టైం రెండున్నర, ఒంటికి నిద్ర బాగా ముంచుకొచ్చే వేళ, మీరు హైవే మధ్యలో ఉంటారు.

మా నాలుగో ఏడు జరిగింది ఇది. తర్వాతి షో 480 కిలోమీటర్ల దూరంలో, మధ్యాహ్నమే లోడ్ ఇన్, రాత్రికి రాత్రే వెళ్ళిపోదాం అనుకున్నాం. నేను నడుపుతున్నా, పక్కన డ్రమ్మర్ కూర్చున్నాడు, నన్ను మాట్లాడిస్తూ ఉండాలి అని మా ఒప్పందం. పాపం వాడు ఆ రాత్రి డ్రమ్స్ వాయించి అలిసిపోయినవాడు, ఎప్పుడు పడుకున్నాడో నాకే తెలీదు. నాకు గుర్తున్నది ఏంటంటే ఒక బ్రిడ్జి కనిపించింది, ఆ తర్వాత టైర్ల కింద గరగరమని చప్పుడు, రోడ్డు అంచున గరుకు గీతలు ఉంటాయి చూడండి, వాటి మీదకి వెళ్ళిపోయింది బండి. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరం వచ్చానో ఈరోజుకీ తెలీదు. స్టీరింగ్ తిప్పాను, వెనక నా క్యాబినెట్ ఒరిగి సీటుకి కొట్టుకుంది, మేము దానికి బెల్ట్ కూడా సరిగ్గా కట్టలేదు. ఆ సీట్లో మా సింగర్ పడుకుని ఉంది. వెనక్కి తిరిగి చూస్తే తను లేచి కూర్చుని ఏమైందే అని అడిగింది, నాకు నోట మాట రాలేదు. పెట్రోల్ బంక్ దాకా నెమ్మదిగా తీసుకెళ్ళి ఆపాను, దిగి వెళ్ళి వెనక చక్రం పక్కన కింద కూర్చున్నా, చేతులు ఎంతసేపటికీ ఆగలేదు.

ఆ తర్వాత చాలా రోజులు నేను చదివినవన్నీ టూర్లలో జరిగిన ప్రమాదాల గురించే. 1959 జనవరిలో అమెరికాలో వింటర్ డాన్స్ పార్టీ అని ఒక టూర్ మొదలైంది, 24 రోజుల్లో 24 ఊళ్ళు, గడ్డకట్టే చలికాలం, ఊళ్ళ వరుస కూడా ఒక దారిలో లేదు, వెనక్కీ ముందుకీ వందల కిలోమీటర్లు తిరగాలి. బస్సుల్లో హీటర్లు పాడైపోయాయి, డ్రమ్మర్ కాళ్ళు చలికి దెబ్బతిని హాస్పిటల్‌లో చేరాడు. ఫిబ్రవరి 2 రాత్రి అయోవాలోని క్లియర్ లేక్‌లో షో అయ్యాక, ఆ టూర్‌లో పెద్ద పేరున్న రాక్ గాయకుడు బడ్డీ హాలీ ఇంక ఆ బస్సు ఎక్కలేక చిన్న విమానం మాట్లాడుకున్నాడు, ముందే వెళ్ళి కాస్త పడుకోవచ్చు, బట్టలు ఉతికించుకోవచ్చు అని. అదే టూర్‌లో పాడుతున్న, ఫ్లూతో ఉన్న జె.పి. రిచర్డ్‌సన్‌కి హాలీ బేసిస్ట్ వేలాన్ జెన్నింగ్స్ తన సీటు ఇచ్చేశాడు, ఇంకో సీటు నాణెం ఎగరేసి ఇంకో గాయకుడు రిచీ వాలెన్స్ గెలుచుకున్నాడు. విమానం లేచిన కాసేపటికే కూలిపోయింది, పైలట్‌తో సహా నలుగురూ పోయారు. హాలీకి 22 ఏళ్ళు, వాలెన్స్‌కి 17. అందరూ దీన్ని విమాన ప్రమాదం అనే చెప్పుకుంటారు, నాకు మాత్రం ఇది ఆ టూర్ వేసిన తీరులోనే మొదలైన ప్రమాదం అనిపిస్తుంది. ఇంకా తట్టుకోలేనిది, ఆ మర్నాటి రాత్రే తర్వాతి ఊరు మూర్‌హెడ్‌లో షో జరిగింది, టూర్ ఆగలేదు.

మెటాలికా బ్యాండ్ సంగతి నన్ను ఇంకా ఎక్కువ తాకింది, అందులో క్లిఫ్ బర్టన్ కూడా బేస్ వాయించేవాడు కదా. 1986 సెప్టెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో షో అయ్యాక కోపెన్‌హేగన్‌కి రాత్రి బస్సులో బయల్దేరారు. ఎవరు ఏ బెర్తులో పడుకోవాలో పేకముక్కలు తీసి తేల్చుకున్నారు, క్లిఫ్‌కి మంచి బెర్తు వచ్చింది. 27 తెల్లవారుజామున స్వీడన్‌లో బస్సు రోడ్డు దిగి పల్టీ కొట్టింది, క్లిఫ్ కిటికీలోంచి బయట పడి బస్సు కింద నలిగిపోయాడు. 24 ఏళ్ళు. డ్రైవర్ రోడ్డు మీద మంచు ఉందన్నాడు, దాని మీద వాదనలు నడిచాయి, నాకు ఆ వాదన కంటే ఆ పేకముక్కే గుర్తుండిపోయింది. మేము కూడా సీట్లకి చీట్లు వేసుకునేవాళ్ళం.

యూరప్‌లో బస్సు, లారీ డ్రైవర్లకి చట్టమే ఉంది, నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాలి, రోజుకి మామూలుగా 9 గంటలే నడపాలి, వారానికి రెండుసార్లు మాత్రం పదిదాకా వెళ్ళొచ్చు. పెద్ద బ్యాండ్లకి అందుకే డ్రైవర్ వేరే ఉంటాడు, షో జరుగుతుంటే అతను పడుకుంటాడు, అతని నిద్ర చెడగొట్టకూడదు అన్నది క్రూలో అందరికీ తెలుసు. సొంత వ్యాన్‌లో తిరిగే చిన్న బ్యాండ్లని మాత్రం ఎవరూ ఆపి అడగరు, వాయించేదీ వాళ్ళే, మోసేదీ వాళ్ళే, నడిపేదీ వాళ్ళే.

మేం ఆ పెట్రోల్ బంక్‌లోనే తెల్లారేదాకా పడుకుని, లేచాక మాట్లాడుకున్నాం. షో అయిన రాత్రి బండి కదలదు, రెండు షోల మధ్య 350 కిలోమీటర్లు దాటకూడదు, సామాన్లకీ మనుషులకీ మధ్య గట్టి అడ్డు ఉండాలి, అన్నీ బెల్టులతో కట్టాలి. గిటారిస్ట్ ఒప్పుకోలేదు. "అలా అయితే సగం షోలు పోతాయే, మనల్ని పిలిచేదే తక్కువ" అన్నాడు, వాడు అన్నదాంట్లో తప్పు లేదు, ఆ ఏడాది ఆరు షోలు నిజంగానే పోయాయి, రూములకి డబ్బులు ఎక్కువయ్యాయి, నెల చివర ఎవరికీ ఏమీ మిగిలేది కాదు. రెండు నెలలు వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఒకే బండిలో ఐదుగురు కూర్చుని అందులో ఇద్దరు మాట్లాడుకోకపోతే ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలీదు, కిటికీ దించాలన్నా మూడో మనిషితో చెప్పించాలి.

పెద్దవాళ్ళకీ ఈ బరువు తప్పలేదులెండి. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బ్యాండ్ 1974లో వాల్ ఆఫ్ సౌండ్ అని ఒక పెద్ద స్పీకర్ల సిస్టమ్ కట్టించుకుని తిరిగింది, దాదాపు 75 టన్నులు, ఒక ఊళ్ళో షో జరుగుతుంటే తర్వాతి ఊళ్ళో ఇంకో స్టేజ్ కట్టడం మొదలయ్యేది. విన్నవాళ్ళు ఇప్పటికీ ఆ సౌండ్ గురించి చెప్పుకుంటారు, కానీ మోయడానికి మనుషులూ డబ్బూ చాలక ఆ అక్టోబర్‌తోనే దాన్ని ఆపేసి టూర్లకే విరామం ఇచ్చారు. అంత మంచి సౌండ్‌ని కూడా వదులుకున్నారు అని చదివాక ఆరు షోలు వదులుకున్నందుకు నాకున్న బాధ కొంచెం తగ్గింది.

ఆ రూల్ పెట్టుకున్నాక ప్రయాణాలన్నీ పగలే. నాకు టూర్‌లో బాగా నచ్చింది ఏది అంటే స్టేజ్ కాదు, ఆ పొద్దుటి డ్రైవ్‌లే. నిద్రపోయి లేచిన మొహాలు, ఎవరో ఒకరు రాత్రి మిక్సర్‌లోంచి రికార్డ్ చేసింది పెడతారు, రెండో పాటలో నేను ఎక్కడ తొందరపడ్డానో అక్కడ అందరూ ఒకేసారి నా వైపు చూస్తారు, సాయంత్రం దాన్ని సరిచేస్తాను. గిటారిస్ట్ మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది కూడా అలాంటి ఒక పొద్దున్నే, "ఆ బేస్ లైన్ నిన్న బాగుంది, అలాగే ఉంచు" అన్నాడు, అంతే.

ఇప్పుడు టూర్లు మానేశాను, చెవుల్లో కుడివైపు సన్నగా ఒక ఈల శబ్దం మిగిలింది. ఇయర్‌ప్లగ్స్ మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి, 100 డెసిబెల్స్ దగ్గర రోజుకి పావుగంట మించి వినకూడదని చెప్తారు, మేం గంటన్నర వాయించేవాళ్ళం.

మొన్న ఒక కుర్ర బ్యాండ్ నా పాత క్యాబినెట్ కొనుక్కోవడానికి వచ్చారు, నలుగురు, మొదటి టూర్ అట, ఆ రాత్రికే బయల్దేరుతున్నారు. యాంప్ గురించి, కేబుళ్ళ గురించి చాలా అడిగారు, అన్నీ చెప్పాను. తర్వాత నేను అడిగాను, రాత్రి బండి ఎవరు నడుపుతారమ్మా అని. వాళ్ళ డ్రమ్మర్ చెయ్యెత్తాడు, "నేనే అక్కా, నాకు నిద్ర రాదు" అన్నాడు. హాల్లో పరుపులు పరిచాను. కాసేపు మొహమాటపడ్డారు, పదకొండింటికల్లా నలుగురూ పడుకున్నారు. క్యాబినెట్‌కి బెల్టులు పొద్దున నేనే దగ్గరుండి కట్టించాను.