రెడ్‌వాటర్ దారిలో ఒక రిఫైనరీ

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో, ఎడ్మంటన్ నుంచి మానింగ్ డ్రైవ్ మీదుగా వెళ్లి 28ఏ రోడ్డు పట్టుకుంటే గిబ్బన్స్ వస్తుంది, అక్కడ తూర్పుకు తిరిగితే కొంతసేపటికి స్టర్జన్ రిఫైనరీ గొట్టాలు కనిపిస్తాయి. ఆల్బర్టాకు వచ్చినవారు బాన్ఫ్, జాస్పర్ కొండలకు వెళతారు. మేమూ వెళ్లాము, ఆ కొండల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. విశాఖలో రిఫైనరీ ఉన్న మల్కాపురం దగ్గర పెరిగిన నాకు మాత్రం ఈ రిఫైనరీని చూడాలన్న కోరిక ఎక్కువగా ఉండేది. మాకు ముడిచమురు ఓడల్లో వస్తుంది. ఇక్కడ అది కాళ్ల కిందనే ఉంది. అయినా దానిలో అధిక భాగాన్ని శుద్ధి చేయకుండానే పైపులైన్లలో అమెరికాకు పంపుతూ వచ్చారు.

కంచె వరకూ పసుపు పచ్చని కనోలా చేలు పరుచుకుని ఉన్నాయి. లోపలికి అనుమతి లేదు కనుక కారు రోడ్డు పక్కన ఆపి చూశాము. ఎడ్మంటన్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్న మా మేనల్లుడు ఒక్కొక్క విభాగాన్నీ చేయి చాపి చూపించాడు. ఆయిల్ శాండ్స్, అంటే చమురు కలిసిన ఇసుక నేలల నుంచి తీసే బిట్యుమెన్ ముదురు పాకంలా ఉంటుంది, తేలికైన ద్రావకం కలపనిదే పైపులో కదలదు. ఇక్కడికి చేరేది ఆ మిశ్రమమే, రోజుకు సుమారు 79,000 పీపాలు. అందులో అసలు బిట్యుమెన్ 50,000 పీపాలు. ముందుగా ద్రావకాన్ని వేరు చేస్తారు. తరువాత బిట్యుమెన్‌లోని బరువైన అణువులను అధిక పీడనం వద్ద హైడ్రోజన్‌తో విరగ్గొట్టి, గంధకాన్ని తొలగించి డీజిల్‌గా మారుస్తారు. చివరికి మిగిలే చిక్కని మడ్డిని కూడా పారేయకుండా గ్యాసుగా మార్చి, పై పనికి కావలసిన హైడ్రోజన్‌ను రాబట్టుకుంటారు. ఆ దశలో దాదాపు శుద్ధంగా వేరుపడే కార్బన్ డయాక్సైడ్‌ను 240 కిలోమీటర్ల గొట్టం ద్వారా పాత చమురు క్షేత్రాలకు పంపి, అక్కడ భూమిలోకి ఎక్కించి మిగిలిన చమురును పైకి తెస్తారు. మా విశాఖ రిఫైనరీ విస్తరణలో మడ్డిని డీజిల్‌గా మార్చే విభాగానికి ఎంచుకున్నది కూడా, ఇక్కడ హైడ్రోజన్‌తో విరగ్గొట్టే విభాగానికి పద్ధతినిచ్చిన సంస్థ రూపొందించిందే అని తెలిసినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది.

భోజనానికి రెడ్‌వాటర్‌లో ఆగాము. సూప్, శాండ్‌విచ్, కాఫీలకు టిప్పుతో కలిపి ఒక్కొక్కరికి 30 డాలర్లయింది, ఒక చిన్న పల్లెటూరి హోటల్లో ఆ ధర న్యాయంగా అనిపించలేదు. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన మా మాటల్లో రిఫైనరీ పేరు విని తానే పలకరించాడు. నిర్మాణ కాలంలో అక్కడ పైపులు అతికే పని చేశాడట. నెలల తరబడి రాత్రి షిఫ్టుల్లో, నోటి ఆవిరి గడ్డం మీద గడ్డకట్టే చలిలో చేసిన పని గురించి అతడు చెబుతుంటే మా కాఫీలు చల్లారిపోయాయి. కెనడాలో 1984 తరువాత కొత్త రిఫైనరీ కట్టడం ఇదే మొదటిసారి కావడంతో, ఆ పని ఎలా చేయాలో తెలిసిన మనుషులే కరువయ్యారని అతడు అన్నాడు.

నేను ఖర్చు గురించి అడిగాను. 2012లో ఆమోదించినప్పుడు 570 కోట్ల డాలర్లన్న అంచనా, పూర్తయ్యేసరికి సుమారు 1,000 కోట్లకు చేరింది. 2017 చివర డీజిల్ తీయడం మొదలుపెట్టారు గాని, అది అప్పటికే కొంత శుద్ధి చేసిన సింథటిక్ చమురు నుంచి. బిట్యుమెన్‌తో వాణిజ్య స్థాయిలో పని ప్రారంభమైంది 2020 జూన్‌లో. ఈలోగా, ముడిసరుకులో 75 శాతం సరఫరా చేసి శుద్ధి రుసుము చెల్లిస్తానని ఒప్పుకున్న ప్రాంతీయ ప్రభుత్వం, అప్పుకు సంబంధించిన వాటాను 2018 జూన్ నుంచే కట్టవలసి వచ్చింది. రిఫైనరీ బిట్యుమెన్‌ను ముట్టుకోకముందే జనం సొమ్ము అప్పుల వాయిదాలకు వెళ్లిందన్నమాట. ఆ లెక్క విన్నప్పుడు నాకు కోపం వచ్చింది, ఆ పెద్దాయనకు రాలేదు. "2018 శీతాకాలంలో మా చమురును ఎంత చవగ్గా అమ్ముకున్నామో మీకు తెలియదు" అన్నాడు.

ఆ మాట నిజమే. పైపులైన్లలో చోటు చాలక ఆ ఏడాది చివర్లో ఆల్బర్టా బరువు చమురు ధర అమెరికా ప్రామాణిక ధర కంటే పీపాకు 40 డాలర్లకు పైగా తగ్గింది. చివరకు 2019 జనవరి నుంచి ఉత్పత్తినే తగ్గించాలని ప్రభుత్వం ఆదేశించింది. ముడిసరుకు అమ్మేవాడికి బేరంలో బలం ఉండదన్నది మిర్చి యార్డుల ముందు నిలబడిన మన రైతులకు కొత్త సంగతి కాదు. అందుకే శుద్ధి ఇక్కడే జరగాలన్న ఆలోచనను నేను తప్పుపట్టలేను. నాకు మింగుడు పడనిదల్లా నష్టభయంలో సింహభాగం ప్రజల మీద పడేలా ఒప్పందం రాసుకోవడం.

తిరుగు ప్రయాణమంతా మేనల్లుడు నాతో వాదిస్తూనే ఉన్నాడు. "మావయ్యా, 2021లో ప్రభుత్వం సగం వాటా కొనేసిందిగా, ఇక లాభమూ ప్రభుత్వానిదే" అన్నాడు. అదే సమయంలో ఒప్పంద కాలాన్ని 2058 వరకు పొడిగించారని నేను గుర్తుచేశాను. మొదట మూడు దశలుగా తలపెట్టిన ఈ ప్రాజెక్టులో కట్టింది ఒక్క దశే. రెండో దశ కట్టాలంటే ఈసారి ముందు ప్రైవేటు సొమ్ము పెట్టాలని నేనన్నాను, అలా అయితే ఎవరూ ముందుకు రారని వాడన్నాడు.