రెండు బై ఐదు

మా ఐదో తరగతిలో ఒకడున్నాడు. నోట్సులో వాడు రాసినదానికంటే చెరిపిందే ఎక్కువ. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితానికి చిల్లు పెట్టేవాడు. నేను పక్కకొస్తే చాలు, అరచెయ్యి అడ్డం పెట్టేసేవాడు. ఆ చెయ్యి చూస్తే నాకే సిగ్గేసేది. ఎర్ర పెన్ను పట్టుకుని అది నేర్పింది నేనే కదా.

అందుకే ఈ ఏడాది రబ్బర్లు బ్యాగుల్లోనే ఉంచమన్నాను. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, కింద మళ్లీ రాయాలి. నోట్సు నీట్‌గా లేదని ఒకరిద్దరి ఇళ్లలో అన్నారట. నిజమే, లేదు.

భిన్నాల కూడికలు వచ్చాయి. 1/2 + 1/3 ఎంతంటే మనవాడు బోర్డు మీద 2/5 అని రాశాడు. పైవి పైవి, కిందివి కిందివి కలిపేశాడు. లెక్కల టీచర్లకి ఈ తప్పు పాత చుట్టమే. క్లాసంతా నవ్వు. వాడి చెయ్యి డస్టర్ మీదికి పోయింది.

"ఆగరా. అర పెద్దదా, 2/5 పెద్దదా?"

కాసేపు చూసి, "అరే పెద్దది టీచర్" అన్నాడు.

"మరి అరకి ఇంకొంచెం కలిపితే తగ్గిందేంటి?"

నవ్వు ఆగిపోయింది. ఇక కింది అంకెల్ని ఒకటి చేసే కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) ఎత్తుకుందామనుకుంటుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "టీచర్, పొద్దున ఆటలో రెండు బంతులు వేస్తే ఒకటి బుట్టలో పడింది. తర్వాత మూడు వేస్తే ఒకటి పడింది. మొత్తం ఐదులో రెండే కదా?"

నాకు మాట రాలేదు. గణితంలో ఇలా పైవి పైవి, కిందివి కిందివి కలిపితే వచ్చేదానికి పేరు కూడా ఉంది, మీడియంట్ అంటారు. అది ఎప్పుడూ ఆ రెండు భిన్నాల మధ్యలోనే పడుతుంది, కాబట్టి కూడిక కాలేదు. కానీ వాడి జవాబుకి సరిపోయే ప్రశ్న ఒకటుందన్నమాట! ఆ పీరియడంతా దానికే పోయింది. కసాగు మర్నాడు చెప్పుకున్నాం.

ఆ అమ్మాయికి "ఎంత తెలివైనదానివే" అనబోయి నాలిక్కరుచుకున్నాను. క్లాడియా మ్యుల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన ప్రయోగాలు గుర్తొచ్చాయి. వాటిలోనూ ఐదో తరగతి పిల్లలే. తెలివిని మెచ్చుకుంటే తమకి బాగా వచ్చేవాటి వైపు మొగ్గారు, శ్రమని మెచ్చుకుంటే కొత్తగా నేర్చుకునేవాటి వైపు. "బంతులు లెక్కపెట్టుకున్నావా, భలే" అని ఊరుకున్నాను.

పరీక్షలో 2/5 రాస్తే మాత్రం సున్నానే. వేసేదీ నేనే. ఆ ముడి ఎలా విప్పాలో తోచట్లేదు.

నిన్న వాడి నోట్సు దిద్దుతుంటే, కొట్టేసిన ఒక జవాబు పక్కన చిన్న అక్షరాలతో "ఇది ఏ లెక్కకో?" అని ఉంది. ఎంత ఆలోచించినా నాకూ దొరకలేదు.