పిడికి పైపు

కళింగపట్నం ఒడ్డున ఇవాళ పొద్దున్న ఓ ఫైబర్ బోటుని ఇసకలోకి లాగుతుంటే అందరి చూపూ ఇంజిను మీదే. బోటుని మళ్లించే ఇంజిను పిడికి రెండున్నర అడుగుల పీవీసీ పైపు తొడిగారు. పిడి వైపు చివర నాలుగు చీలికలు కోసి, పైన స్టీలు క్లాంపు.

వేగం పెంచి తగ్గించే త్రాటిల్ తిరిగేది ఆ పిడితోనే. పట్టు వదులైతే పైపు ఒక్కటే తిరుగుతుంది, ఇంజిను వినదు. లోపల పాత సైకిల్ ట్యూబు ముక్క ఒక చుట్టు వేసి బిగిస్తే జారదు.

సుఖం చేతికే కాదు, బోటుకీను. 9.9 హెచ్‌పీ ఇంజినూ ట్యాంకూ మనిషీ అన్నీ వెనకే ఉంటే ముక్కు లేచిపోతుంది, ఎదురొచ్చే కెరటం కనపడదు. పైపుంటే మనిషి ముందుకి జరగొచ్చు, ట్యాంకు కూడా. కాకపోతే ట్యాంకు నుంచి ఇంజినుకెళ్లే హోసు పొడుగవుతుంది. అతుకు దగ్గర గాలి లాగితే హోసు మధ్యలో చేత్తో పిసికే రబ్బరు బల్బు మెత్తబడి ఇంజిను దగ్గుతుంది.

బోటు ఒక పక్కకే లాగుతుంటే తప్పు పైపుది కాదు. నీళ్లలో తిరిగే ఫ్యాను పైన చిన్న రెక్క ఉంటుంది కదా, బోటు కుడికి లాగితే దాని వెనక అంచుని కుడికే కాస్త తిప్పాలి. ఎడమకి తిప్పాలేమో అనిపిస్తుంది, కాదు.

నచ్చనిది ఒక్కటే. మనిషి పడిపోతే ఊడి ఇంజిను ఆపే ఎర్ర తాడు ఒంటికి అందట్లేదని స్విచ్చికే వేలాడదీసి వదిలేశారు. వంశధార మొగ దగ్గర కెరటం మనిషిని తోసేస్తే, ఖాళీ బోటు గుండ్రంగా తిరిగి అతని మీదకే వస్తుంది. పొడుగు తాడు తెచ్చి మోకాలికి తగిలించుకోండర్రా బాబూ.