సైరన్ మోగిన సాయంత్రం

2025 మే 7. తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ వార్త, సాయంత్రం మా విశాఖలో మాక్ డ్రిల్. ముందే చెప్పారు, అయినా సైరన్ వినగానే గుండె ఝల్లుమంది. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు కదా! మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అయితే అప్పటికే శత్రువు భీమిలి దాటేశాడు. పక్కింటావిడ బియ్యం బస్తా తెప్పించారు. నేను, సిగ్గు విడిచి చెబుతున్నాను, కొవ్వొత్తులతో పాటు నాలుగు కందిపప్పు ప్యాకెట్లు తెచ్చాను.

మామ్మ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలో మునిగినప్పుడు ఆవిడ కొత్త కోడలు. కిటికీలకు నల్లకాగితాలు అంటించి, చీకట్లోనే వంట చేసిందట.

"పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. మీ తాతయ్య నోరెత్తితే ఒట్టు" అని నవ్వింది.

ఈలోగా గ్రూపులో ఎవరో అడిగారు: రేపు పాలు వస్తాయా?