కోనసీమ గాలిలో బ్రేక్ ఆయిల్

మా డెల్టాలో కారు నడిపేవారికి బ్రేకులతో పెద్దగా పని పడదు. అమలాపురం నుంచి రాజోలు వెళ్లినా, యానాం వెళ్లినా అంతా చదును నేలే కనుక, గేదెలు అడ్డొచ్చినప్పుడో, కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసినప్పుడో తప్ప గట్టిగా తొక్కవలసిన అవసరం రాదు. అందుచేత ఇక్కడ చక్రంతో తిరిగే డిస్కును ఒత్తి ఆపే ప్యాడ్లు అరిగే లోపే వాటిని పట్టి ఉంచే పిన్నులు తుప్పు పడతాయి, ఆయిల్ చెమ్మ తాగుతుంది. "ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగింది?" అని మాత్రమే అడిగే మెకానిక్‌తో నేను ఏకీభవించలేను.

కార్లలో సాధారణంగా వాడే డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలవి. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, అందులో 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఊళ్లో తిరిగినంత కాలం ఈ తేడా తెలియదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగుతూ మాటిమాటికీ బ్రేకు తొక్కినప్పుడు ఆయిల్ మరిగి ఆవిరి పుడితే, తొక్కిన బలమంతా ఆ ఆవిరిని నొక్కడానికే సరిపోయి పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చమనడం అందుకే.

నేను ముందు ప్యాడ్ల పని చూస్తాను. చదునైన గచ్చు మీద బండి నిలిపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపిన తరువాత స్టాండు వేయనిదే చక్రం విప్పను. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ కింది బోల్టు తీసి పైకి ఎత్తితే ప్యాడ్లు చేతికి వస్తాయి. కాలిపర్‌ను పూర్తిగా విప్పితే మాత్రం ఆయిల్ గొట్టానికి వేలాడనివ్వక తీగతో కట్టాలి. రెండు ప్యాడ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. లోపలిది రేకు దాకా అరిగి, బయటిది సగం మిగిలి ఉంటే ముందుగా అనుమానించవలసింది కాలిపర్ జారే పిన్నులను. ఉప్పుగాలి తగిలే అంతర్వేది వైపు బండ్లకు ఇది సాధారణమే. పిన్నులను శుభ్రంగా తుడిచి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు పూయాలి; బేరింగులకు వాడే మామూలు గ్రీజు పూస్తే రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి. పిస్టన్‌ను (కాలిపర్ లోపల ప్యాడును తోసేది) వెనక్కు నెట్టే ముందు, ఆయిల్ నిలవ ఉండే పైడబ్బాలోంచి కొంత ఆయిల్ సిరంజితో లాగకపోతే అది పొంగి రంగు మీద పడుతుంది. పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేదంటే పెయింటు లేచిపోతుంది.

ఆయిల్ మార్చడానికి ఇద్దరు కావాలి. పెడల్ దగ్గర మా బామ్మర్ది కూర్చుంటాడు. "తొక్కి పట్టుకో" అంటాను. "పట్టుకున్నాను బావా" అన్న తరువాతే కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే చిన్న మరను, అదే నిప్పిల్, వదులు చేస్తాను. డికాక్షన్ రంగు ఆయిల్ సన్న గొట్టం గుండా సీసాలోకి దిగుతుంది. నిప్పిల్ బిగించాకే "వదులు" అంటాను. అంతకుముందే కాలు తీస్తే గాలి లోపలికి పోతుంది. బుడగలు లేకుండా లేత రంగు ఆయిల్ వచ్చే దాకా ఇదే వరస, పైడబ్బా మాత్రం ఎప్పుడూ ఖాళీ కానివ్వకూడదు. ఏ చక్రంతో మొదలుపెట్టాలో బండి పుస్తకంలో చూసుకోవాలి, ఎందుకంటే ఆ క్రమం అన్ని బండ్లకూ ఒకటి కాదు. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోకే గాలి చేరితే మాత్రం స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లడమే నయం.

తీసిన ఆయిల్‌ను కాలువలో పోయకండి. ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలువలతోనే. సీసాలో మూత బిగించి, పాత ఇంజను ఆయిల్ తీసుకునే షెడ్డులో విడిగా ఇస్తే సరి. మిగిలిన కొత్త ఆయిల్‌ను వచ్చేసారికి దాచడం కూడా వృథా, మూత తీసిన డబ్బా మన గాలిలో ఎంతో కాలం ఆగదు. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కి, పైడబ్బాలో ఆయిల్ మట్టం మరొకసారి చూసి, ఖాళీ రోడ్డు మీద మితమైన వేగం నుంచి కొన్నిసార్లు నెమ్మదిగా బ్రేకు వేస్తూ పోతే కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకుంటాయి.