ఎముక చేతిలో పెట్టి "కుడిదా ఎడమదా?" అంటే: అనాటమీ, ఫిజియాలజీ రివిజన్ అనుభవం

తిరుపతిలో మా బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్ ఇప్పుడే అయ్యాయి. ఆ వేడి తగ్గకముందే రాస్తున్నా, వచ్చే బ్యాచ్ వాళ్లకు పనికొస్తుంది.

కణం, టిష్యూలు, ఎపిథీలియం (ఒంటి పైనా లోపలా కప్పి ఉండే పొర) రకాలు బొమ్మ గీసుకుంటూ చదివితే వచ్చేస్తాయి. మెదడు నుంచి వచ్చే పన్నెండు క్రేనియల్ నరాలు వరసగా పైకి చెప్పుకుంటే చాలు. మైక్రోస్కోప్‌లో చూసే హిస్టాలజీ (టిష్యూల) స్లైడ్లకూ పెద్దగా భయపడక్కర్లేదు.

ప్రాణం తీసేది ఎముకల వైవా, అంటే నోటి పరీక్ష. ఒంట్లో 206 ఎముకలున్నాయని ఎవరైనా చెబుతారు, బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్ (ఎక్స్‌టర్నల్) అడిగేది అది కాదు. క్లావికల్ (మెడ కింద భుజం దాకా ఉండే ఎముక) చేతిలో పెట్టి, "ఏమ్మా, ఇది కుడిదా ఎడమదా? నీ ఒంటి మీద పెట్టి చూపించు" అంటారు. కండరాల అటాచ్‌మెంట్లన్నీ గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా అక్కడ నోరు తెరవలేకపోయారు. "ఎముక పట్టుకోవడం కూడా నేర్పలేదా మీకు?" అని అందరి ముందూ అనేశారు. నేర్పలేదు, అదే నిజం. ఏడాదంతా ఎముకల బీరువాకు తాళం వేసిపెట్టి నోట్సు డిక్టేట్ చేసిన వాళ్లు పడాల్సిన మాట మేము పడ్డాం.

క్లావికల్‌కు మూడు గుర్తులు చూడండి. లావుగా, మొద్దుగా ఉన్న కొస ఛాతీ ఎముక వైపు రావాలి, చదునుగా ఉన్న కొస భుజం వైపు. లోపలి మూడింట రెండు వంతులు ముందుకు ఉబ్బుతుంది, బయటి మూడో వంతు వెనక్కి వంగుతుంది. కింది వైపు మధ్యలో సబ్‌క్లేవియస్ కండరానికి ఒక గాడి, బయటి కొస దగ్గర కోనాయిడ్ ట్యుబర్కిల్ అనే బుడిపె ఉంటాయి. గాడి కిందికి పెట్టి, ఉబ్బు ముందుకు తిప్పితే లావు కొస ఎటుందో చూసి సైడ్ చెప్పేయొచ్చు. చెప్పే ముందు గొంతు కింద గుంటలో వేలు పెట్టి, మీ ఎముక వెంబడే భుజం దాకా తడుముకుంటూ పోండి. ముందు ఉబ్బు, తర్వాత లోపలికి వంపు వేలికే తెలిసిపోతుంది. ఆ వంపు తిరిగే చోటే ఇది ఎక్కువగా విరుగుతుంది. బండి మీంచి చెయ్యి చాపి పడినవాళ్లు మోచేతిని రెండో చేత్తో పట్టుకుని వస్తారు. లోపలి ముక్కను మెడ కండరం స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ పైకి లాగేస్తుంది, బయటి ముక్క చేతి బరువుకు కిందికి జారుతుంది. ఈ కారణం చెబితే తర్వాతి ప్రశ్న మెత్తగా వస్తుంది.

ఫిబ్యులా (మోకాలి కింద బయటి వైపు ఉండే సన్నటి ఎముక) ఇంకా మోసం. పై కొస ఏదో కింది కొస ఏదో తేల్చకుండా సైడ్ జోలికి పోకండి, తలకిందులుగా పట్టుకుంటే కుడిది ఎడమదైపోతుంది. కింది కొస పక్కల నుంచి నొక్కినట్టు చదునుగా ఉంటుంది. దాని లోపలి వైపు ముక్కోణం ఆకారంలో నున్నటి కీలు భాగం, ఆ వెనకాలే వేలికి తగిలే గుంట, అంటే మాలియోలార్ ఫోసా. నున్నటి భాగం రెండో కాలి వైపు, గుంట వెనక్కి ఉండేలా పట్టుకుంటే సైడ్ తప్పదు. ఈ ఎముక మెడ దగ్గర, అంటే పై కొసకు కాస్త కింద, కామన్ పెరోనియల్ నరం చుట్టుకుని పోతుందని మర్చిపోవద్దు. అక్కడ పిండికట్టు బిగుసుకుంటే పాదం పైకి లేవదు, ఫుట్ డ్రాప్ వస్తుంది.

ప్లాస్టిక్ ఎముకల్ని నమ్ముకోకండి. ఎర్ర రంగు ఆరిజిన్‌కు (కండరం మొదలయ్యే చోటు), నీలం ఇన్సర్షన్‌కు (అది వెళ్లి అతుక్కునే చోటు) వేసి ఉంటాయి కాబట్టి కండరాలకు బాగుంటాయి, గాళ్లూ గుంటలూ మాత్రం సగం అరిగిపోయినట్టుంటాయి. అసలు ఎముకల బీరువా తాళం అడగండి, ఇవ్వకపోతే మళ్లీ అడగండి. ఫీజు కట్టింది దానికి కూడా.

కండరాల పనికి మన అలిపిరి మెట్లను మించిన పాఠం లేదు. 3,550 మెట్లు ఎక్కేటప్పుడు గ్లూటియస్ మాక్సిమస్ (పిరుదు కండరం), క్వాడ్రిసెప్స్ (తొడ ముందు కండరం) కుంచించుకుంటూ ఒంటిని పైకి లేపుతాయి. దిగేటప్పుడు అదే క్వాడ్రిసెప్స్ సాగుతూ బరువు ఆపుతుంది. ఇది ఎక్సెంట్రిక్ పని. ఎక్కినప్పుడు ఆయాసం, దిగిన మర్నాడు తొడల నొప్పి అందుకే. లాక్టిక్ యాసిడ్ వల్ల అని చెప్పకండి. అది గంటా గంటన్నరలో రక్తంలోంచి పోతుంది, మర్నాటి నొప్పి కండరం పోగుల్లో పడ్డ సన్నటి దెబ్బలది.

ఫిజియాలజీలో అంకెలు అర్థం చేసుకుంటే చాలు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 సార్లు, కలిపితే నిమిషానికి 5 లీటర్లు గుండె పంపే రక్తం. మూత్రపిండాలు నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు వడకడతాయి, బయటికొచ్చేది లీటరున్నర. మిగతాది ఏమైందని తప్పక అడుగుతారు. ఎక్కువ భాగాన్ని మూత్రపిండంలో వడకట్టిన చోటికి దగ్గరున్న సన్నటి గొట్టం, ప్రాక్సిమల్ ట్యూబ్యూలే వెనక్కి పీల్చుకుంటుందని చెప్పండి.

బీపీకి ముందు నాడి పట్టుకుని పాల్పేటరీ పద్ధతిలో చూడండి. నాడి ఆగిన చోటికి ఇంకో 30 మిల్లీమీటర్లు ఎక్కించి, సెకనుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున దించండి. లావు చేతికి చిన్న కఫ్ (చుట్టే పట్టీ) కడితే రీడింగ్ లేనిపోనిది ఎక్కువొస్తుంది. చెయ్యి గుండె ఎత్తులోనే ఉండాలి.

సాలి పద్ధతిలో (రక్తాన్ని యాసిడ్‌తో గోధుమ రంగుకు మార్చి, నీళ్లు కలుపుతూ నమూనా రంగుతో పోల్చే పద్ధతి) హీమోగ్లోబిన్ చూసేటప్పుడు వేలిని పిండకండి, టిష్యూ ద్రవం కలిసి రీడింగ్ తగ్గిపోతుంది. 20 మైక్రోలీటర్ల రక్తం పీల్చాక పిపెట్ కొస బయట తుడిచి, అప్పుడే యాసిడ్‌లో వదలండి. 10 నిమిషాలు గడవకముందే నీళ్లు కలిపితే రంగు పూర్తిగా రాదు, విలువ తక్కువ పడుతుంది. నీళ్లు చుక్కచుక్కగానే కలపండి, రంగు దాటిపోతే మళ్లీ వేలు పొడవాల్సిందే.